లంచ్ గంటలో ప్రార్థన

అత్తగారికి ఇంకొకరి ప్రార్థన నచ్చిన పాపాన పోలేదు. పాస్టరుగారిది పొడిపొడిగా ఉంటుందట. పక్కింటావిడది ముక్కులోంచి వస్తుందట. కన్నకొడుకు ప్రార్థన చేస్తే బస్సు తప్పిపోతున్నవాడి హడావుడే కనిపిస్తుందట. వీళ్ళందరివీ దేవుడు మొహమాటానికి వింటున్నాడని ఆవిడ గట్టి నమ్మకం.

అలాంటి మనిషి ఇప్పుడు మనవరాలి హైస్కూల్లో, ఎవరూ వాడని డ్రాయింగ్ గదిలో, పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చుని, "ఇదా ప్రార్థన?" అంది.

పిల్లలు గుండ్రంగా నిలబడి ఉన్నారు. అప్పుడే ముగించారు. ఒక బొద్దబ్బాయి, "ప్రభువా, లెక్కల పరీక్షలో నాకు వచ్చినవి మర్చిపోనివ్వకు, రానివి అడగనివ్వకు" అన్నాడు. మనవరాలేమో ఆసుపత్రిలో ఉన్న స్నేహితురాలి అమ్మకోసం అడిగింది. అంతే, ఆమేన్.

హెడ్మాస్టరు గుమ్మంలో తాళంకప్ప పట్టుకుని నిలబడ్డాడు.

"నేను దేవుడికి అడ్డం కాదమ్మా. లంచ్ తర్వాత వీళ్ళు క్లాసుకి ఆలస్యంగా వస్తున్నారని టీచర్ల గోల. అందుకే పెద్దవాళ్ళని వచ్చి ఒకసారి చూడమన్నాను. ఇవాళ రెండో గంట కొట్టేసరికి అందరూ సీట్లలో ఉంటే ఈ గది వీళ్ళదే. ఒక్కరు లేకపోయినా తాళం వేసేస్తాను."

అనేసి వరండాలోకి వెళ్ళాడు.

రమ్మన్నది నిజానికి కోడలిని. అత్తగారు పిలవకుండానే తయారై, కోడలికన్నా ముందు చెప్పులేసుకుంది.

"కాళ్ళకి బూట్లు, వేళ్ళకి చిప్స్ నూనె, నెత్తిన ముసుగు లేదు," అంది పిల్లల్ని ఎగాదిగా చూసి. "దేవుడితో మాట్లాడారా, కూరగాయలు బేరమాడారా?"

"అయిపోయింది నాన్నమ్మా. ఇంక గంట కొట్టేస్తారు."

"అయిపోవడానికి మొదలైతేగా! కళ్ళు మూసుకోండందరూ."

మనవరాలు వెనక బెంచీలో కూర్చున్న తల్లివంక చూసింది. తల్లి కళ్ళు మూసుకుంది. వరద వచ్చేటప్పుడు గొడుగు వెతికి లాభం లేదని ఆవిడకి అనుభవం.

అత్తగారు ముసుగు సర్దుకుని సృష్టి దగ్గర బయల్దేరింది. వెలుగు కలిగింది, జలములు వేరుపడ్డాయి. నోవహు ఓడెక్కి దిగేసరికి మొదటి గంట కొట్టారు. ఆవిడకి వినపడలేదు. వినపడినా అది పరలోకపు బూరేమో అనుకుని ఇంకాస్త గొంతు పెంచేది.

పిల్లలు అటూ ఇటూ కదిలారు. కానీ ఒకరు ప్రార్థన చేస్తుండగా ఆమేన్ పడకముందే గడప దాటకూడదన్నది వాళ్ళకి పాలతోపాటు పట్టించిన మాట. మనవరాలి మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఈ గది కోసం హెడ్మాస్టరు చుట్టూ తిరిగి తిరిగి పిల్ల కాళ్ళరిగాయి.

అత్తగారు ఎడారి దాటి ఇంటికి చేరింది.

"ప్రభువా, ఈ పిల్ల తల్లిని జ్ఞాపకం చేసుకో. పొద్దెక్కితేగానీ లేవదు. గిన్నె మాడ్చి స్టవ్వుని తిడుతుంది. పుట్టింటివాళ్ళు ఫోన్ చేస్తే ఆ ఫోన్ పెట్టదు. నేను ఎవరితోనైనా అన్నానా? నీతోనే చెప్పుకుంటున్నాను తండ్రీ."

బొద్దబ్బాయి నవ్వాపుకోలేక దగ్గాడు.

"ఈ దగ్గే పిల్లవాణ్ణి బాగుచెయ్యి. ఆ హెడ్మాస్టరుకి కూడా కాస్త కృప పంపు, మొహంలో వెతికినా కనపడలేదు."

వరండాలో అటూ ఇటూ తిరుగుతున్న బూట్ల చప్పుడు టక్కున ఆగింది.

"ఇకపోతే మా సంఘంలో ఆడవాళ్ళ సంగతి..." అని అత్తగారు ఊపిరి తీసుకుంది.

"ఆమేన్!" అని ఖంగున వినిపించింది.

అదే చాలనుకున్నారు పిల్లలు. అందరూ ఒక్క గొంతుగా "ఆమేన్!" అని అరిచి, సంచులందుకుని పరుగో పరుగు.

అత్తగారు కళ్ళు తెరిచి, దొరికిన మనవరాలి చెయ్యి దొరకబుచ్చుకుంది.

"ఆగవే! ఎవరే ఆ ఆమేన్ అంది? నా ప్రార్థన నేను ముగించుకోలేనా? నువ్వేగా?"

"వదులు నాన్నమ్మా, గంట కొట్టేస్తారు!"

"కొడితే కొట్టనీ. ఎవరో చెప్పు, వదుల్తాను."

పిల్ల పెదవులు బిగబట్టింది.

"హెడ్మాస్టరుగారూ!" అని గట్టిగా పిలిచింది అత్తగారు. "నా మనవరాలని కూడా చూడను. దైవభయం లేని పిల్లలు వీళ్ళు. వేసెయ్యండి తాళం."

హెడ్మాస్టరు లోపలికి వచ్చి తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు.

కోడలు లేచి వచ్చి, అత్తగారి వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా విడదీసింది. పిల్ల బాణంలా దూసుకుపోయింది. ఎదురుగా ఉన్న క్లాసులో ఆ పిల్ల బెంచీలో కూలబడడమూ రెండో గంట మోగడమూ ఒక్కసారే అయ్యాయి. హెడ్మాస్టరు అటు తొంగిచూసి, తాళంకప్పని కోటు జేబులో వేసుకున్నాడు.

"దాన్నెందుకు వదిలించావ్?" అని అత్తగారు కోడలిమీద విరుచుకుపడింది. "తప్పు చేసినవాళ్ళు తప్పని నోటితో ఒప్పుకోవద్దూ?"

"ఒప్పుకోవాలి అత్తయ్యా, తప్పు నాదే," అంది కోడలు. "ఆ ఆమేన్ నేను కాపురానికొచ్చిన కొత్తల్లోనే అనుండాల్సింది."