చెవిబిళ్ళ నంబరు

"మళ్ళీ రాగిపిండి సల్లినట్టు సుక్కలే!" అన్నాడు గిరిప్రసాద్, కెమెరా వెనక తెర మీద ఫోటోను పెద్దది చేసి చూస్తూ.

ఆవు చెవికి వేసిన పసుపు బిళ్ళ కనబడుతోంది. దాని మీది నంబరు మాత్రం ఎర్రటి, పచ్చటి చుక్కల కింద మునిగిపోయింది. ఆఖరు అంకె మూడో ఎనిమిదో చెప్పలేం.

"ఆవు పడిందా లేదా?" అన్నాడు కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డ ఏకాంబరం.

"ఆవు పడితే సాలదన్నా. నంబరు కనబడాల. లేకుంటే సచ్చింది నీ ఆవేనని ఇన్సూరెన్సోళ్ళు ఎట్ల నమ్ముతారు?"

పూతలపట్టు చుట్టుపక్కల ఊళ్ళలో లోను మీద కొన్న ఆవు చచ్చిపోతే, పూడ్చేలోపు ఫోటో తీయాలి. రెండేళ్ళుగా ఆ పని గిరిప్రసాద్ స్టూడియోదే. దాన్ని నమ్ముకునే ఫిల్ము కెమెరా అమ్మేసి ఈ డిజిటల్ కొన్నాడు. పోయిన నెల తీసిన ఫోటోలు రెండు ఇలాగే చుక్కలు పడి తిరిగొచ్చాయి. "ఇంకొక్కటి ఇట్ల వచ్చిందంటే చిత్తూరు నుంచే మనిషిని పిలిపించుకుంటాం" అని ఇన్సూరెన్సు ఆఫీసులో మొహం మీదే చెప్పేశారు.

"ఈడంతా సీకటన్నా. వెలుతురు సాలకుంటే కెమెరా సూపు, అదే ఐయస్‌ఓ పెంచాల. పెంచితే ఈ సుక్కలు. దించితే అంతా నలుపు. నన్నేం సెయ్యమంటావు? ఆ తలుపన్నా తీయి."

"తీస్తే కుక్కలొస్తాయబ్బా."

"నలుగుర్ని పిలువు, బయటికి ఈడ్సుదాం. ఎండ మండిపోతా ఉండాది."

"పశువుల డాక్టరు వచ్చేదాకా కదిలించగూడదంట."

"అయితే ఫ్లాష్ కొడతా."

"వద్దబ్బా!" ఏకాంబరం కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాడు. "సచ్చిన జీవం కండ్లల్లో మెరుపు కొడితే ఇంటికి మంచిది కాదు. మా నాయన సెప్పినాడు."

"మీ నాయన కాలంలో ఫ్లాష్ యాడుండిందన్నా?"

మూలన కూర్చున్న ఏకాంబరం భార్య భారతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. గిరిప్రసాద్ ఫ్లాష్ మాట వదిలేశాడు. పూటకు ఆరు లీటర్లిచ్చే ఆవు. కొట్టమంతా గుప్పున సారా వాసన. బాధకొద్దీ పొద్దున్నే తాగినట్టున్నాడు పెద్దాయన, అనుకున్నాడు. తాగిన మనిషితో వాదనేమిటి?

ఐయస్‌ఓ పదహారు వందల నుంచి ఎనిమిది వందలకు దించాడు. చుక్కలు తగ్గాయి, చీకటి పెరిగింది. నాలుగు వందలకు దించి, వెలుతురు పడేందుకు ఇంకాస్త సమయమిచ్చాడు. ఈసారి చెయ్యి అదిరి ఫోటో కదిలిపోయింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే. చెమట కళ్ళలోకి కారుతోంది.

"బిన్నా కానియ్యబ్బా" అని తొందరపెట్టాడు ఏకాంబరం.

"కానిచ్చేదానికి నువ్వు ఒక్కటన్నా ఒప్పుకుంటే గదా!"

అంటూనే గిరిప్రసాద్ నెత్తి కొట్టుకున్నాడు. "నా అంత మొద్దు ఇంకోడుండడు. పెండ్లికూతురైతే కదులుతాది. ఇది యాడికి కదులుతాది?"

బండికి కట్టిన స్టాండు విప్పుకొచ్చి కెమెరా బిగించాడు.

"అదెందుకు మల్లా?"

"ఐయస్‌ఓ వంద పెట్టి, నాలుగు సెకండ్లు కెమెరా కన్ను తెరిచి పెడతా. ఉన్న వెలుతురే కొంచెం కొంచెంగా తాగుతాది. ఒక్క సుక్క పడదు. సూస్తా ఉండు."

"నాలుగు సెకండ్లా?" ఏకాంబరం గుంజ వదిలి ముందుకొచ్చాడు. "వద్దులేబ్బా. మొదట తీసిందే సాల్లే. ఆఫీసులో నేను మాట్లాడుకుంటా."

"నువ్వు మాట్లాడుకుంటావు. నా పని పోతాది. గమ్మున గోడకానుకోని నిలబడన్నా. అక్కా, నువ్వు గూడా కదలొద్దు. కదిలింది కదిలినట్టు అలుక్కుపోతాది."

ఆవు మీద కప్పిన గోనెపట్ట లాగి పక్కన పడేశాడు. సారా వాసన ఇంకా గుప్పుమంది.

"ఈగలబ్బా, ఈగలు..."

"మొత్తం ఆవు పడాల." బిళ్ళ సరిగ్గా కనబడేందుకు చెవి సర్దబోయాడు.

"నువ్వు ముట్టుకోవద్దు, నేను పెడతా!" ఏకాంబరం గబగబా వచ్చి చెవి కింద రాయి పెట్టి, మళ్ళీ గోడ దగ్గరికి పోయాడు.

గిరిప్రసాద్ బటన్ నొక్కి, చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. నాలుగు. కెమెరా టక్కుమంది.

తెర వెలిగింది. అతని మొహం విప్పారింది. గోడ మీద పిడకల అచ్చులు, ఏకాంబరం మీసం, భారతమ్మ కొంగు అంచు, అన్నీ కడిగి పెట్టినట్టున్నాయి. చుక్కన్నది లేదు. ఆఖరు అంకె ఎనిమిదే.

"సూడన్నా, వచ్చి సూడు! ఫోటో అంటే ఇదీ!"

ఏకాంబరం గోడ వదల్లేదు. భారతమ్మ ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

సంతోషం పట్టలేక గిరిప్రసాద్ ఆ ఫోటోనే పెద్దది చేసుకుని కొమ్ముల నుంచి మెడకు, మెడ నుంచి కిందికి జరుపుకుంటూ పోయాడు.

ఆవు డొక్క మాత్రం కదిలిపోయి ఉంది.