కాపీ తీయని క్యాసెట్

బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ని ముంచిన ఏడాది అది. నీళ్ళు తీశాక గంగాప్రసాద్ గవర్నర్‌పేటలోని తన క్యాసెట్ల కొట్లో కూర్చుని, తడిసిన రీలుని పాత పంచె ముక్కతో తుడుస్తున్నాడు. బురదతోపాటు రీలు మీది గోధుమరంగు పూత కూడా గుడ్డకి అంటుకొస్తోంది. కొట్లోకి చుక్క నీరు రాలేదు. ఈ ఒక్క క్యాసెట్‌నే ఆదివారం వినడానికని, సింగ్‌నగర్‌లో తానొక్కడే ఉండే గదికి తీసుకెళ్ళాడు.

పోలరాజు వచ్చి, రోజూ కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. పుట్టింది బందరు పక్క గిలకలదిండిలో, చేపలు పట్టేవాళ్ళ ఇంట. బెజవాడ లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మాట పొదుపు. ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాచి ఉంటే, చిన్నప్పుడు వలలల్లిన చేతులు కదా అనుకున్నాడు గంగాప్రసాద్.

ఆ క్యాసెట్ ఊరొదిలి వెళ్ళే ఎవరో అమ్మేసిన పాత సామాన్లలో దొరికింది. పైన ‘బెజవాడ రైల్వే ఇన్‌స్టిట్యూట్’ అని తప్ప ఇంకేం లేదు. రైల్వేవాళ్ళ ఆ క్లబ్బులో ఏదో డాన్సుకి వాయించిన జాజ్. అందులో గిటారిస్టుని గంగాప్రసాద్ మనసులో దేవుడి పక్కన కూర్చోబెట్టాడు. ఆరు తీగలున్నా రెండు మూడింటితోనే సరిపెడతాడు. మీటిన స్వరాన్ని ఆరిపోయేదాకా వేలికింద వెచ్చగా ఉంచుతాడు. తీగలు కలిపి మీటే కార్డు మారబోయే ముందు ఒక్క తీగ కదిలించి ఊరుకుంటాడు. ఏదో మారిందని తెలుస్తుంది గానీ ఏది మారిందో తెలీదు.

కొట్టుకొచ్చినవాళ్ళకి వినిపిస్తే, పాడేవాడు రాలేదా అని అడిగేవారు. కూర్చుని విన్నది పోలరాజు ఒక్కడే. రైల్వేలో చేశారు కదా, ఈ గిటారాయన్ని ఎరుగుదురా అనడిగితే, అక్కడ చాలామంది వాయించేవారని ఊరుకున్నాడు. ఏ ఆంగ్లో ఇండియన్ డ్రైవరో అయ్యుంటాడని గంగాప్రసాద్ రైల్వే కాలనీ అంతా వాకబు చేసి వచ్చాడు.

ఇద్దరికీ పేచీ ఒక్క స్వరం దగ్గరే. రెండో పాట చివర గిటారు అరమెట్టు కిందికి జారుతుంది. వెనక ఎవరో పకపకా నవ్వుతారు. అంతలో కింద మంద్రంలో మోగే బాసు మారి, ఆ స్వరమే ఒప్పయి కూర్చుంటుంది.

“వాడక్కడ తప్పు వాయించాడండీ,” అనేవాడు పోలరాజు.

“వాడు అనకండి, పోలరాజు గారూ. అది తెలిసి పెట్టిన స్వరం. విన్నవాళ్ళు ఆనందం పట్టలేక నవ్వారు.”

“అది వెక్కిరింత. అలా నవ్వాక ఇంకెవడు వాయిస్తాడు నలుగుర్లో?”

అంతకుమించి ఏనాడూ మాట్లాడేవాడు కాదు. మర్నాడు మళ్ళీ వచ్చి, అదే పాట పెట్టమనేవాడు.

ఇప్పుడు గంగాప్రసాద్ రీలు చుట్టి ప్లేయర్లో పెట్టాడు. బుస్సుమన్న చప్పుడే తప్ప ఏమీ రాలేదు.

ఇంకో కాపీ లేదా అనడిగాడు పోలరాజు. లేదన్నాడు గంగాప్రసాద్. ఊరందరికీ కాపీలు తీసిచ్చి బతికేవాడు, దీనికి మాత్రం తియ్యలేదు. తీస్తే గిటారు గొంతు ఎక్కడ బరకగా అయిపోతుందోనని భయపడ్డాడు. గుడ్డ మడతపెట్టి అన్నాడు:

“మీరొక్కసారైనా బాగుందంటారని చూశానండీ. ఆ స్వరం దగ్గర నా గుండె ఆగుతుంది. అలా ఆగేది లోకంలో నాకొక్కడికేనా అని బెంగ. ఇక అడగడానికైనా ఏముంది?”

పోలరాజు తన వేళ్ళ కొసలు చూసుకున్నాడు.

“నిజంగా అంత బాగుంటుందంటారా, ఆ స్వరం?”

“అదొక్కటి మళ్ళీ వింటే చాలండీ నాకు.”

పోలరాజు లేచాడు. చెప్పులు తొడుక్కుని, ఎప్పటికన్నా ముందే వెళ్ళిపోయాడు. కలిసి వినేందుకు ఏమీ మిగల్లేదు కదా, ఇక రాడనుకున్నాడు గంగాప్రసాద్. స్టూలు ఎత్తి లోపల పెట్టి, షట్టరు దించాడు.

మర్నాడు పొద్దున పోలరాజు గిటారు పట్టుకొచ్చి, ఆ తప్పుని ఈసారి కావాలని వాయించాడు.