ఆరుపళ్ళ కుక్క

ముసలి కుక్కని పడుచు కుక్కగా అమ్మాలన్నది పరదేశి పథకం. కొనాల్సిన మనిషి కూడా ముందే ఖాయమైపోయాడు. రాయపూర్‌లో రైల్వే కాంట్రాక్టులు చేసి రెండంతస్తుల మేడ కట్టిన గురునాథం.

గురునాథం మామూలు మనిషి కాదు. సిమెంటు బస్తా ఒకటి తగ్గిందని గుమాస్తాని మూడు రోజులు ఠాణాలో కూర్చోబెట్టినవాడు. పైగా, "మా తాత అలమండ సంతలో ఎడ్ల బేరగాడు. నోరు తెరిచి చూపించండి చాలు, పుట్టిన నెలతో సహా చెప్తాను" అని కనబడ్డవాడికల్లా చెప్పుకుంటాడు. ఆ తాత పోయేనాటికి ఈయన ఇంకా పాలు తాగుతున్నాడని అనే ధైర్యం ఎవరికీ లేదు.

బీర్‌గావ్‌లో రోలింగు మిల్లు మూతపడి పరదేశి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. బేరం కుదిరితే పాత ఆటో ఒకటి కొనుక్కోవచ్చు. దొరికిపోతే ఠాణా.

కుక్క నల్ల లాబ్రడార్. పరదేశి చేతికొచ్చిన రోజున అది ఆవులిస్తే పక్కనున్నవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. పళ్ళ నిండా పచ్చటి గార, చిగుళ్ళలో రక్తం. బొమికలు పడేస్తే గార అదే అరిగిపోతుందనుకున్నాడు పరదేశి. పశువుల డాక్టరు హిందీలో కసిరాడు. బొమిక కొరికితే గార పోవడం మాట అటుంచి పన్నే పగులుతుందట. ముందు తనే గార గీకి తీశాడు. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున, పళ్ళు శుభ్రపడేందుకు కుక్కలు నమిలే పుల్లలు పెట్టమన్నాడు.

"గోరుతో నొక్కితే సొట్ట పడాలి. పడకపోతే పెట్టొద్దు. నమిలినంతసేపూ పక్కనే కూర్చో. చిన్న ముక్కయ్యాక లాగేసుకో, మింగితే గొంతుకి అడ్డం పడుతుంది."

నెలనెలా నాగపూర్ నుంచి పుల్లల పొట్లం వచ్చేది. వాడలో తెలుగువాళ్ళు వాటికి కుక్కల పందుంపుల్లలని పేరు పెట్టారు. పరదేశి రోజూ కుక్క ముందు గొంతుక్కూర్చుని కాపలా కాస్తుంటే, పెళ్ళాం దాలమ్మకి ఒళ్ళు మండేది.

"నా దంతాలు పుచ్చి పదేళ్ళయింది. నా పక్కనెప్పుడైనా ఇలాగ కూకున్నావేటి?"

"నిన్ను కొనేవోడెవడే?" అనేవాడు పరదేశి.

ఆర్నెల్లకి పళ్ళు కొబ్బరిముక్కల్లా తేలాయి. "పళ్ళు కడిగావు, బాగానే ఉంది. వయసు కడగలేదుగా" అని నవ్వాడు డాక్టరు. పరదేశి ఇంటికెళ్ళి పొయ్యి రాజేశాడు. కొబ్బరిచిప్ప కాల్చిన మసిని ఆముదంలో కలిపి, నెరిసిన మూతికి దట్టంగా పట్టించాడు. ఆదివారం పొద్దున్నే గురునాథం గేటు ముందు నిలబడ్డాడు.

గేటు చూడగానే కుక్క తోక ఊపడం మొదలెట్టింది. పరదేశి గొలుసు బిగించాడు.

"ఏట్రా అది?" వరండాలోంచి అడిగాడు గురునాథం.

"నాగపూర్ సరుకు బాబూ. ఆఫీసరుగారికి బదిలీ అయిపోనాది. పదిహేను వేలు."

లోపల్నుంచి గురునాథం భార్య సరోజిని వచ్చింది. కుక్క అటు లాగింది. ఆవిడ గబుక్కున గుమ్మం వెనక్కి తప్పుకుంది.

"దూరంగా పట్టుకో! ఏవండీ, ఆ నడక చూడండి, అది ముసలిది. పదిహేను వేలు పెట్టి ముసలి కుక్కని కొంటారేటి?"

పరదేశి కుక్కని రెండడుగులు వెనక్కి లాగాడు.

"నీకేటి తెలుసు పశువుల సంగతి?" గురునాథం మెట్లు దిగాడు. "పాత కుక్క నోటి కంపుతో చంపేసింది. నోరు చూడకుండా కొంటాననుకున్నావా? తియ్యరా నోరు."

పరదేశి దాని పెదవి ఎత్తి పట్టుకున్నాడు. గురునాథం జాగ్రత్తగా వాసన చూశాడు. కంపు లేదు. బొటనవేలు పెట్టి కిందివరస ముందుపళ్ళు లెక్కపెట్టాడు.

"ఆరు! ఆరుపళ్ళది! నాలుగో ఏడు నడుస్తోంది, పక్కా! ముసలిదట, ముసలిది!"

ఎద్దుకి చెల్లే లెక్క అది. కుక్కకి ఎదిగిన దగ్గర్నుంచీ కింద ముందుపళ్ళు ఆరేనని ఆయనకి ఏ సంతలోనూ ఎవరూ చెప్పలేదు.

అంతలో తన వేలు చూసుకున్నాడు. నల్లగా మసి. పరదేశి కుక్క మూతిని తనవైపు తిప్పేసుకున్నాడు.

"ఛీ, మురికి కుక్క! ఏ పొయ్యిలో పొర్లిందో!" అంటూ సరోజిని తువ్వాలు విసిరింది.

గురునాథం వేలు తుడుచుకున్నాడు. పెళ్ళాం వద్దన్న వస్తువుని ఆయన కొనకుండా వదిలింది ఇంతవరకూ లేదు. బేరం కూడా ఆడకుండా డబ్బు పరదేశి చేతిలో పెట్టి, ఆరుపళ్ళ సంగతి చెప్పడానికి పక్కింటి అమ్మిరాజు దగ్గరికి హడావిడిగా వెళ్ళిపోయాడు.

పరదేశి గొలుసు వదిలాడు. కుక్క అటూ ఇటూ వెతుక్కోలేదు. తిన్నగా పెరట్లోకి పోయి, బట్టలుతికే బండ పక్కన నీడలో పడుకుంది.

సరోజిని కొంగుముడి విప్పి పుల్ల ఒకటి తీసింది. గోరుతో నొక్కి చూసి కుక్కకిచ్చి, పక్కనే చతికిలబడింది.

"ఇక నాగపూర్ పొట్లం ఇక్కడికే పంపమని మా తమ్ముడికి రాస్తాలే పరదేశీ" అంది దాని చెవులు నిమురుతూ. "ఆయన ఆరంగ్ రోడ్డు మీద వదిలేయించిన కుక్కని మళ్ళీ ఆయనకే ఎలాగ అమ్మడం, గుర్తుపట్టడా అని ఆర్నెల్లు ప్రాణం తీశావు. ఎనిమిదేళ్ళు ఈ పెరట్లోనే ఉన్నా దీని మొహం ఆయన ఒక్కసారీ చూడలేదురా అంటే నమ్మావా?"