బాసింపట్టు

“మా త్రినాథ్‌ని తీసేసి, బెంచీ మీదున్న అఫ్రోజ్‌ని దించు బాబూ.”

ఒంగోలులో కబడ్డీ లీగు ఫైనల్‌కి ఇంకా అరగంటే ఉందనగా ఆటగాళ్ల గదిలోకొచ్చి అడిగాను. కోచ్ ఖాదర్ వలి నవ్వాడు.

“ప్రతి మ్యాచ్‌కీ గ్యాలరీలోంచి నా జట్టంతా మార్చేస్తారు మామ్మగారూ. ఇవాళ సొంత మనవడినేనా?”

“వాడి మోకాలు పోయింది. నొప్పి తెలీకుండా సూదులతో నెట్టుకొస్తన్నాడు. ఇంకో దెబ్బ తగిలితే ఇక నడవడు.”

“అబద్ధం సార్!” త్రినాథ్ గెంతి చూపించాడు.

కేరేజీ విప్పి, గోంగూర అన్నం గిన్నె నేలమీద పెట్టాను.

“అయితే ఎప్పట్లా బాసింపట్టు వేసుక్కూర్చుని తినరా. నోరు మూసుకుని పోతా.”

వాడు పళ్లు బిగించి వంగాడు. మోకాలు మడతపడలేదు. గోడ పట్టుకుని, కాలు చాపుకుని కూలబడ్డాడు.

“అఫ్రోజ్, బూట్లు వేసుకో,” అన్నాడు కోచ్.

“నా బతుకు నాశనం చేశావే నాయనమ్మా!” అని త్రినాథ్ గోడవైపు తిరిగి ఏడ్చాడు. కలిపిన ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

అరగంటకి బయట ఆట మొదలైన ఈల వినబడింది. వాడు ముఖం ఇటు తిప్పకుండానే అన్నాడు.

“అఫ్రోజ్‌ని కుడివైపు నుంచి వెళ్లమని అరిచి చెప్పు. నీ గొంతయితే వినపడుద్ది.”