ఏడో డ్రమ్ము

చెరువును కప్పేసిన గుర్రపుడెక్క కాళ్ళకు చుట్టుకోవడంవల్లే పడవక్క మొగుడు మునిగిపోయాడు. శవమైనా దక్కలేదు. అందుకే ఆమె పంతం పట్టి ఆ కలుపును కోసి, ఉడికించి, డ్రమ్ముల్లో బిగించి, బూజుకు మేతవేసి పులియబెట్టి ఇంధనం తీస్తోంది.

ఆ రాత్రి షెడ్డులో ఒంటరిగా ఉండగా డ్రమ్ముల బుడబుడ ఒక్కసారిగా ఆగింది. ఏడో డ్రమ్ములోంచి టక్, టక్, టక్. రేవుకొస్తూ ఆయన తెడ్డుతో పడవ అంచుమీద కొట్టే మూడు దెబ్బలవి.

"ఉడికి చచ్చినా బుద్ధి రాలేదటే నీకు, గుర్రపుడెక్కా? ఆయన చప్పుడు నేర్చుకుని నన్నే ఆడిస్తావా?" అంటూ డ్రమ్మును ఒక్క తన్ను తన్నింది.

రేవులో అందరికీ తెలిసినవి ఆ మూడే. ఆమె ఒక్కదాని కోసం ఆయన మెల్లగా కొట్టే నాలుగోది అప్పుడు వినిపించింది.

పడవక్క కళ్ళు తుడుచుకుని, ఈసారైనా ఆయన్ని దక్కించుకోవాలని మూత బోల్టు ఇంకో చుట్టు బిగించింది.