ఒక్కొక్కరే పాడండి

తుమ్మలమడుగులో మూడు కప్పలుండేవి. డప్పన్న, గరగరయ్య, వాళ్ళ చెల్లెలు చినబురక. ముసురు పట్టిందంటే చాలు, ముగ్గురూ గొంతులు కలిపి బెకబెకమని ఒకటే రొద. ఆ రొదలో ఎవరెక్కడున్నారో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఒక సాయంత్రం పెళ్ళికొడుకులా తెల్లగా మెరిసిపోతూ కొంగ వచ్చింది. "అబ్బాయిలూ, మీ గోలకి చెవులు చిల్లులు పడుతున్నాయి. మెత్తగా, ఒక్కొక్కరే పాడండి. మడుగంతా మీ వెనకే వస్తుంది," అంది.

డప్పన్న మురిసిపోయాడు. చినబురకకీ ఆశ పుట్టింది.

మర్నాడు తెల్లచీర ఆరేసినట్టు పొగమంచు. గట్టంతా వినడానికొచ్చినవాళ్ళ కళ్ళే. ఒక్కటీ రెప్ప వేయదు. డప్పన్న తామరాకు మీదికెక్కి తేనెలా పాడాడు. పాట చివర మంచులో టక్‌మని ఒక్క చప్పుడు.

"చప్పట్లే!" అన్నాడు గరగరయ్య.

"మరి పెద్దన్నయ్యేడీ?"

"పేరొచ్చాక మనతో ఉంటాడేంటే, పిచ్చిదానా!" అని నవ్వి, తనూ ఇంకో ఆకెక్కి పాడాడు. మళ్ళీ టక్.

నీళ్ళమీద రెండాకులు ఖాళీగా ఊగుతున్నాయి. చినబురకకి అప్పుడర్థమైంది. పాత రొద ఎత్తుకుంది. కానీ ఒక్క గొంతు రొదెలా అవుతుంది? మడుగంతటిలో తన గొంతొక్కటే విడిగా వినిపించేసరికి, హడలిపోయి నోరు మూసుకుంది.

"ఆపేశావేం తల్లీ?" అంది మంచులోంచి కొంగ, ఎంతో ముద్దుగా. "బాగుంది, ఇంకొక్కసారి పాడు. ఎక్కడున్నావో సరిగ్గా తెలియలేదు."