సత్తవ్వకు సమజయ్యేలా

"ముందుగల్ల గదేందో తెలుగుల చెప్పుండ్రి. గప్పుడు ఏలుముద్ర ఏస్త." సత్తవ్వ బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది.

ఇంకుప్యాడు పట్టుకుని నిలబడ్డ కొడుకు సంపత్ విసుక్కున్నాడు. "సారు చదివిండు గదనే అవ్వా!"

"చదివిండు. నాకేం సమజయింది?"

మంచిర్యాలలో పేరున్న వకీలు మధుసూదన్‌రావు మళ్లీ అందుకున్నాడు. "వేరాజ్ ది సెడ్ లచ్చయ్య, హియరినాఫ్టర్ రెఫర్డ్ టు యాజ్..."

ఒక్క ముక్కలో తేలే మాటతో పేజీ నింపితే గానీ ఆయనకు తృప్తి ఉండదు. జూనియర్ స్నిగ్ధకు నవ్వొచ్చింది. కొత్తగా పెళ్లయింది, ఈ మధ్య అన్నిటికీ నవ్వే వస్తోంది. సత్తవ్వ మెడలో నల్లపూసలు కనబడగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె భర్త, బొగ్గుబాయి కార్మికుడు లచ్చయ్య ఏడేళ్ల కింద మాయమయ్యాడు. తన భర్త కాస్త ఆలస్యమైతేనే స్నిగ్ధ గుమ్మంలో నిలబడుతుంది. ఈమె ఎన్ని సాయంత్రాలు నిలబడిందో!

సంపత్ స్నిగ్ధ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, బాపు చచ్చిపోయిండని రాసినమంటే అవ్వ ఒప్పుకోదు. ఇయ్యాల్టికీ బొట్టు తియ్యలే. కోర్టు కాయితం లేకుంటే బాపు నౌకరి నాకు రాదు. వయసు దాటిపోతుంది. జర ఇంగ్లీషులనే కానియ్యుండ్రి."

కానీ 'తెలుగులో వివరించగా అర్థం చేసుకున్నది' అని అఫిడవిట్ కింద సంతకం చేయాల్సింది స్నిగ్ధే. ఆమె సత్తవ్వ ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, మీ ఆయన చనిపోయినట్టు కోర్టు ప్రకటించాలని ఇందుల రాసినం."

సంపత్ తల పట్టుకున్నాడు.

"గంతేనా?" అంది సత్తవ్వ.

"అంతే."

"గా ముక్కకు గిన్ని కాయితాలా, సారూ?"

మధుసూదన్‌రావు దగ్గాడు.

"మరి పోలీసోళ్లు?"

"తీర్పు వస్తే కేసు మూసేస్తరు. ఇగ ఎవరూ వెతకరు." స్నిగ్ధ కాగితాలు పక్కకు జరిపింది. "మీకు ఇష్టం లేకుంటే వద్దమ్మా. ఆలోచించుకోండి."

సత్తవ్వ కొడుకు చేతిలోంచి ప్యాడు లాక్కుంది. వేలు అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది. స్నిగ్ధ కళ్లు తుడుచుకుంటుంటే ఆమె చెయ్యి పట్టుకుని, చెవి దగ్గరికి వంగింది.

"ఇగ మా ఇంటెనుక ఎవ్వలు తవ్వరు గదా, బిడ్డా?"